శవం లేని దరువు

ఆ, గా రోజు సుత డప్పు రాములు కోతలే కోసిండు. దవాఖాన గేటు ముంగట తిరుమల్ చాయ్ హోటల్ల, బల్ల మీద కూసొని. లోపల పెండ్లాం పుష్పమ్మ ముక్కుకు ఆక్సిజన్ పైపుతోని పండుకొని ఉంది. పక్కన బిడ్డ సృజన ఉంది. పేషెంటు కాడ ఒక్కరినే ఉండనిస్తరు, గందుకని ఈయన బయట. నోరు మూసుకుంటే లోపల గుండె దడదడ ఇనవడ్తదని నోరు తెరిసిండు.

"లాలాగూడ క్వార్టర్లల్ల రాహుల్ అని పోరడున్నడు. వానిది డెత్ మెటల్ బ్యాండు. నల్ల అంగీలు, నడుము దాక జుట్టు, పాడుతుంటే బర్రె గొంతుల ముల్లు ఇరికినట్టుంటది. వాళ్ల ఆల్బంల డప్పు ఎవరు కొట్టిండ్రనుకున్నవ్? నేనే."

"నువ్వా?" అన్నడు ఆటో తోలే నతానియేల్.

"నేనే రా! ఒక్క దెబ్బ కొట్టిన, మైకు బోర్ల పడ్డది. ఇంకోటి కొట్టిన, పోరలకు చెమటలు. 'తాతా, జెర మెల్లగ' అని కాళ్లు మొక్కిండ్రు. సరే పో అని సగం బలం దింపిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఆల్బం నెట్టుల వెట్టంగనే కింద జనం రాసుడు షురూ. బెంగుళూరోడు రాసిండు, గిటారు ఎవడన్న కొడ్తడు, గీ డప్పాయన ఎవరు సామీ అని."

జేబుల ఫోన్ తీసి చూసిండు. సృజన చెయ్యలే. మళ్ల వెట్టుకున్నడు. చాయ్ మీద మీగడ కట్టింది.

"ఆరు నెల్లు పొద్దు పొడవని దేశం ఉన్నదట. ఆడికెల్లి ఒకడు రాసిండు, నీ డప్పు ఇనంగనే మా చెరువుల మంచు పటపట పగిలింది, చేపలు ఒడ్డుకొచ్చి కూసొని ఇన్నయని."

"ఎండు చేపలా, పచ్చివా?" అన్నడు తిరుమల్, చాయ్ వడగట్టుకుంట.

"నవ్వు, నవ్వు. జర్మనీల డాక్టరైతే గోలీలు బంద్ వెట్టి, పొద్దుగాల ఒక పాట, మాపటికి ఒక పాట అని చిట్టీ రాసిస్తుండట. తక్లీఫ్ మాయం!"

నతానియేల్ అడిగిండు, "అన్నా, ఇంతకు ఏ దరువు కొట్టినవే? పెండ్లిదా?"

రాములు గేటు దిక్కు చూసిండు. "వాళ్లడిగింది కొట్టిన."

"ఏమడిగిండ్రు?"

"పాటనే సావు మీద. ఇంకేమడుగుతరు?"

నతానియేల్ చాయ్ గిలాస కింద వెట్టిండు. సావు దరువు శవం ముంగట్నే కొడ్తరు. చిన్నగున్నప్పుడు ఇంట్ల డబ్బా మీద వేళ్లతోని ఆ దరువు కొట్టిండని రాములు ఈపు పగలగొట్టిండు వాళ్ల నాయిన. కొట్టిన దరువు ఉత్తగ వోదు, ఎవరినో దేవులాడుకుంటదని వాళ్ల ఇంట్ల భయం. ఆల్బం వచ్చిన వారానికే పుష్పమ్మ బిందె ఎత్తుకుంటనే కూలవడ్డది.

"శవం లేకుంటనే కొట్టినవా అన్నా?"

"అదే కదరా కత! శవం లేకుంట కొడ్తే ఉల్టా పనిజేస్తది. జపాన్ల ఒక ముసలామె సచ్చిపోతే పాడె మీద పండవెట్టిండ్రు. మనుమడు గీ పాట వెట్టిండు. ఒక్క దెబ్బకు కాలు కదిలింది. ఇంకో దెబ్బకు పక్కకు ఒత్తిగిలింది. ఇంకోటి వడంగనే లేసి కూసొని చాయ్ అడిగింది! ఆమె పెనిమిటే రాసిండు కింద! లేస్తది... లేసింది, లేసి మంచిగ ఇంటికి నడుసుకుంట వోయింది!"

ఎవ్వలు నవ్వలే.

గల్లా కాడ తిరుమల్ పెండ్లాం కల్పలత అప్పటిసంది ఫోన్ల దేవులాడుతనే ఉంది. "రాములు మామా, దొరికింది నీ ఆల్బం. జపానోళ్లు ఎవ్వలు లేరు గాని మన సికింద్రాబాద్ లష్కర్ పోరడే ఒకడు రాసిండు. 'గొంతు మస్తుంది, డ్రమ్ములన్ని ఒక్కతీరే ఉన్నయ్, డప్పు ఉంటదంటిరి, ఏది?' అని. దాని కింద రాహుల్ జవాబు. 'తాత కొట్టింది గిటార్లల్ల కలుస్తలేదు భయ్, ఆఖరికి తీసేసినం. ఆయనకింక చెప్పలే.'"

నతానియేల్ తొడ కొట్టుకొని నవ్విండు. "అయిపాయె! జపాన్ ముసలామె మళ్ల పండుకున్నది పో!"

రాములు మొఖం మాడుతదనుకున్నరు. ఆయన లేసి గల్లా కాడికి వచ్చిండు. "మళ్లోపారి చదువు బిడ్డా."

చదివింది.

"ఒక్క దెబ్బ సుత లేదా?"

"లేదు మామా."

"ఎవ్వలు ఇనలేదా?"

"లేంది ఎట్లింటరు?"

"రాహుల్‌గాడు రూంల తలుపులకు, కిటికీలకు బొంతలు కట్టిండు కొట్టేటప్పుడు. అంటే ఆ దరువు గడప దాటలే! బయటికే రాలే!" బల్ల మీద కూలవడి కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు. "నేను ఉత్త అబద్ధాలోన్ని రా! అందరికి చాయ్ పొయ్యి తిరుమల్!" ఆయన చాయ్ మాత్రం చల్లారిందే, మీగడతోని గటగట తాగిండు.

సృజనను బయటికి పంపి లోపలికి వోయిండు. పుష్పమ్మ చెవుల చెప్పిండు, "నా డప్పు తీసేసిండ్రటనే."

"బస్తీ అంత చెప్పుకుంటివి," అన్నది పుష్పమ్మ ఆయాసపడుకుంట. "ఇజ్జత్ వాయె గదనయ్యా." నవ్వింది.

"పోనీ. రేపు ఇంటికి వోదాం."

తలకాయ ఊపింది.

తెల్లారేసరికి పుష్పమ్మ లేదు.