రెండు సంచుల్లో కట్టిన దుస్తులు

మిల్లు కప్పు మీది పాత ఆస్‌బెస్టాస్ రేకులు దించే పనినుంచి వచ్చిన అల్లుడు, గుమ్మం ముందు కాళ్లు కడుక్కుంటూ, వసారాలో ఉయ్యాల ఊపుతున్న అత్తగారిని చూశాడు.

“కొత్త ఉయ్యాల ఎక్కడిది అత్తయ్యా?”

“నీ పని దుస్తులతో కుట్టిందే నాయనా! నిన్న నీకు క్యారేజీ తెచ్చినప్పుడు మిల్లు గేటు పక్క సంచిలో కనబడ్డాయి. ఒక్కపూట తొడుక్కుని అంత గట్టి తెల్ల దుస్తులు పారేస్తారా? మీ దుబారా పాడుగాను!”

చెంబు ఒంపిన చెయ్యి ఒంపినట్టే ఆగిపోయింది.

“మూతి కట్టేసిన సంచి కదా అది?”

“ఒకటా, ఒకదాంట్లో ఒకటి రెండు సంచులు! కత్తెరతో కోశాను.”

“ఉతికారా?”

“ఉతికితే గట్టిదనం పోదూ? తడిగా ఉంటే ఎండలో ఆరేసి, నాలుగు దులుపులు దులిపి కుట్టేశాను. ఎంత దుమ్మొచ్చిందో!”

“అత్తయ్యా, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగితే మళ్లీ బయటికి రాదు. అది లేవకూడదనే రేకులు పగలనివ్వకుండా, నీళ్లు చల్లి దించుతాం. తొడుక్కున్నవి కూడా తడిపి కట్టేస్తాం.”

అత్తగారి చెయ్యి అలవాటు కొద్దీ ఉయ్యాల ఊపుతూనే ఉంది.

“పాపేదీ?”

“ఇందులోనే... పొద్దుట్నుంచీ.”

“ఊపకండి అత్తయ్యా! మీకు పుణ్యముంటుంది, ఊపకండి!”