డెబ్బై రెండు సున్నాలు

కంబదూరు దగ్గర ఒక పల్లె. 2006 మే నెల, ఎండ దిగని మధ్యాహ్నం. పంచాయతీ గదిలో కంప్యూటరు ముందు అనంతపురం కాలేజీ ల్యాబు నుంచి వచ్చిన జయంతి. కిటికీ బయట, ముళ్లకంచె లోపల, వాన కొలిచే గిన్నె పక్కన దాని కాపలా మనిషి తిమ్మక్క.

"నీళ్లా? నా గిన్నెలోనా? పోయను గాక పోయను."

"తిమ్మక్కా, నువ్వు పోయకుంటే ఈ సాయంత్రంతో నీ గిన్నెకు కాలం చెల్లిపోతాది."

"చెల్లితే చెల్లనీ. దొంగ వాన మాత్రం నా చేతుల మీదుగా కురవదు. దీని మీద కాకి రెట్ట వేస్తే కూడా కడిగి, తుడిచి, దండం పెట్టే మనిషిని నేను."

"కాకి సంగతి ఎవరూ అడగలేదు. రెండు బిందెలు నీళ్లు, అంతే."

"రెండు బిందెలు! ఎంత సులువుగా అంటివి. బోరు కాడ పొద్దున్నుంచి నిలబడితే వచ్చినాయి ఆ రెండూ. నీకేం, కొత్తచెరువు ఊరి పిల్లవు."

"మా కొత్తచెరువులో మాత్రం నీళ్లు పొర్లుతాండాయా? పోయి చూడు, పిల్లోళ్లు క్రికెట్టు ఆడతాండారు అందులో."

"నా మాట విను పాపా. నీళ్లు దండగ. నీళ్లతో అయ్యే పని కాదు అది."

"నీళ్లతో కాకుంటే దేంతో అయితాది?"

"నాకేం తెలుసు? ఊరికే అన్నా. సాయంత్రానికి ఏమైతాదో ఇంకోసారి చెప్పు. మొదటిసారి కోపంలో ఉండి వినలేదు."

"ఈ పెట్టెను లోపల నుంచి నడిపించేది లినక్స్ అని ఒకటి ఉండాది. దానికి నడిమి భాగం కెర్నెల్. ఎవరో ఒక్కరు రాసింది కాదు అది. దేశదేశాల వాళ్లు తలా కొంచెం రాసి, అందరూ చూసేటట్టు బయట పెట్టినారు. నీ గిన్నె తీగ వచ్చి ఈ పెట్టెలో ఒక కార్డుకు తగులుతాది గదా?"

"తగులుతాది. ఆ పచ్చరేకు."

"ఆ పచ్చరేకు చెప్పేది కెర్నెల్‌కు అర్థం కావల్లంటే అందులో దీనికని ఒక ముక్క రాసి ఉండల్ల. ఆ ముక్కను చూసుకునేది ఇప్పుడు నేను."

"నువ్వా? ఎవరు పెట్టినారు నిన్ను?"

"ఎవరూ పెట్టలేదు. రాసినాయన విసుగొచ్చి వదిలేసినాడు. దిక్కు లేకుండా పడి ఉంటే నేను ఎత్తుకున్నా."

"పెండ్లి కాకముందే సంకలో బిడ్డనా!"

"నవ్వు, నవ్వు. ఆ బిడ్డకే ఇప్పుడు జబ్బు. అందులో ఒక బొక్క కనిపెట్టినా. నీ రిజిస్టరు ఇట్లియ్యి. ఇదో, ఈ గడి దేనికి?"

"తేదీకి. అది అచ్చేసే వస్తాది, నేను రాసే పని లేదు."

"ఇది?"

"పెట్టెలో పడిన లెక్క చూసి, ఎంత వాన పడిందో రాసేదానికి."

"దీని పక్కది?"

"నా సంతకానికి. చూడు. తి-మ్మ-క్క. రెండు ఒత్తులూ సరిగ్గా పడినాయా లేదా?"

"ముత్యాల మాదిరి పడినాయి. ఇప్పుడు ఈ వాన గడిలో పట్టనంత పొడుగు అంకె రాస్తే?"

"పక్క గడిలోకి పోతాది. నా సంతకం మీద పడతాది."

"కెర్నెల్‌లోనూ అంతే. లెక్క ఎక్కువైతే పక్కకు పొర్లి సంతకం చెరిగిపోతాది. అప్పుడు ఆడ ఏం పడితే దాన్నే సంతకం అనుకుంటాది పెట్టె. ఎవడైనా కావాలని పొర్లించినాడనుకో, వాడు ఏం చెప్తే అది చేస్తాది."

"వేలిముద్ర వేసేవాళ్ల చేత తెల్లకాగితం మీద వేయించుకుని, పైన వాళ్లకు కావాల్సింది రాసుకున్నట్టు."

"అబ్బా! అదే, సరిగ్గా అదే. నాకు ఇంత బాగా చెప్పేకి రాలేదు."

"నాకు జరిగింది కాబట్టి వచ్చింది. ఊ, చెప్పు."

"ఆ బొక్క పూడ్చినా. పూడ్చింది పంపినా. అయితే కెర్నెల్‌లో ఆ భాగానికంతా ఒక పెద్దాయన ఉండాడు. ముఖం చూసింది లేదు, ఉత్తరాలే. ఈ కార్డును ప్రపంచంలో ఎవరూ వాడటం లేదు, బొక్క పడిన ముక్కను మనం మోసేదెందుకు, పీకేస్తా అన్నాడు."

"ఎవరూ వాడటం లేదా? నేను మనిషిని కాదా? ఆయన్ని నా ముందరికి రమ్మను!"

"నేనూ అదే రాసినా. ఒక మనిషి ఉండాది, పేరు తిమ్మక్క, రోజూ వాడతాది అని. సరే, నిజం కార్డు మీద ముందు పాతది చెడేది చూపించు, తర్వాత నువ్వు బాగు చేసింది నిలిచేది చూపించు, రాసిన నువ్వు కాకుండా ఇంకొకరి పేరుతో సాక్ష్యం పెట్టు అన్నాడు. ఈ సాయంత్రం ఆరు గంటల్లోపల."

"లేకుంటే?"

"రాబోయే కెర్నెల్‌లో నీ గిన్నె ఉండదు. అది ఎక్కించిన పొద్దు ఈ పెట్టె మూగది అయిపోతాది."

"పాతదే ఉంచుకుంటే?"

"బొక్క ఉన్నదాన్ని ఫోను తీగకు తగిలించనియ్యం అన్నారు, ఈ వాన లెక్కలు పోయే ఆఫీసులో."

"అయితే మన ఊరి వాన ఎవరు కొలుస్తారు?"

"ఎవరూ కొలవరు. కంబదూరు లెక్కే మన లెక్క."

"ఏందీ! ఆడ కురిస్తే ఈడ కురిసినట్టా? ఆడ పొలాలు నానితే మన శనగకాయ పండినట్టా? ఊరంతా ఎండిపోయినా కరువు జాబితాలో పేరుండదు గదా!"

"అందుకే నీళ్లు పోయమంటాండా."

"ఈ దొంగ వాన ఆఫీసుకు పోతే? అప్పుడూ జాబితాలో పేరుండదు."

"పోదు. ఫోను తీగ పీకేసినా. ఇదో, నా చేతిలో ఉండాది. మళ్లా తగిలించే ముందు లెక్కంతా చెరిపేస్తా."

"ఇంకా పైకెత్తు, కనపడలేదు. ఆ, సరే. దేవుడా, నా తప్పు కాదు, ఈ పిల్ల చెప్తే పోస్తాండా."

"చెంబుతో గబగబా పోయి. గరాటు కింద ఉయ్యాల గిన్నె ఒరిగినప్పుడల్లా ఈడ ఒక లెక్క పడతాది. లెక్కలు ఒకదాని మీద ఒకటి పడితేనే పాతది తట్టుకోలేదు."

"పడతాండాయా?"

"పడతాండాయి. పది. ఇరవై. నలభై. తిమ్మక్కా, ఇంత వాన ఈ పెట్టె పుట్టినప్పటి నుంచి చూసిండదు."

"నేనే చూడలేదు, అదేం చూస్తాది. ఆగిపోయిందా?"

"లేదు. రాయి మాదిరి కూర్చోనుండాది. ఇంకో చెంబు."

"ఏమ్మే ఒదినా! ఏం చేస్తాండావు ఆడ? గిన్నెలో నీళ్లు పోస్తాండావా?"

"నీ మేకలు నువ్వు చూసుకో పో, ఓబులేసూ."

"మేకలు ఎట్ల పోతే ఏమి, నా ఆరెకరాల శనగకాయ ఏం కావల్ల? వాన పడిందని ఆఫీసోళ్లు రాసుకుంటే మమ్మల్ని ఎవరు అడుగుతారు?"

"ఏమీ పోదు ఓబులేసన్నా, తీగ పీకేసినాం. ఇది పరీక్ష."

"పరీక్షా? మళ్లానా?"

"మళ్లా అంటే ఏందన్నా?"

"అదేమ్మా, పోయినేడు మా ఒదిన ఈడ ఒక్కతే..."

"ఓబులేసూ! నీ పోతు సర్పంచు ఇంటి మల్లెచెట్టు మేస్తాంది!"

"అయ్యో! యాడ? యాడ?"

"ఆ పక్కకు! పరుగెత్తు, పరుగెత్తు!"

"తిమ్మక్కా, ఆడ మేకే లేదే?"

"ఇప్పుడు లేదు. తిని పోయింది. రెండో బిందె పోయల్నా వద్దా?"

"పోయి."

"పోస్తాండా. ఇదో ఆఖరు చెంబు. చుక్క లేదింక. ఆగిందా?"

"ఆగలేదు. గరాటు సందు చానా సన్నం. నువ్వు ఎంత పోసినా కిందికి దిగేది అంతే. ఆ వేగానికి పాతది కూడా తట్టుకుంటాంది."

"నీళ్లు దండగ అని నేను చెప్పలేదా?"

"చెప్పినావు. రెండుసార్లు చెప్పినావు. పాతది చెడేది చూపించకుంటే నేను బాగు చేసింది ఎవరు నమ్ముతారు? ఐదయింది టైము."

"ఇంకెప్పుడూ చెడలేదా ఇది?"

"ఒక్కసారి. పోయినేడు ఆగస్టు పన్నెండు. ఆ పొద్దు ఆగే ముందు పెట్టె రాసి పెట్టుకున్న మాటలు చూసే గదా నేను బొక్కను పట్టుకునింది. గుక్క తిప్పుకోకుండా రెండొందల పైన లెక్కలు పడినాయి. నీ రిజిస్టరు చూస్తే సున్నా. కంబదూరులో సున్నా. ఆకాశంలో మబ్బు లేదు. అవి ఎట్ల పడినాయో తెలిస్తే ఇప్పుడు అదే చేసేదాన్ని."

"బల్లి దూరిందని అప్పుడే రాయించినా గదా."

"బల్లి దూరితే ఒక లెక్క పడతాది, రెండు పడతాయి."

"పెద్ద బల్లి."

"తిమ్మక్కా."

"దానికి పిల్లలు కూడా ఉన్నట్టుండాయి."

"గిన్నెకు తాళం ఉండాది గదా. తాళంచెవి ఎవరి దగ్గరుంటాది?"

"నా కొంగున. ఎవరికీ ఇయ్యను."

"ఎప్పుడూ?"

"పండుకున్నా ఇయ్యను."

"అయితే ఇంకేం లేదు. ఉత్తరం రాసేస్తా. చూపించలేకపోయినాం, పీకేయండి అని."

"రాసేస్తావా?"

"రాయక ఏం చేయల్ల? బస్సు టైమయింది."

"ఉండు."

"ఏంది?"

"పీకేస్తే కంబదూరు లెక్కేనా? ఖాయమా?"

"ఖాయం."

"ఓబులేసు ఆరెకరాలూ?"

"అన్నీ. ఊరంతా."

"ఆ ఉత్తరం ఆపు. తాళం తీస్తాండా. చూడు, గరాటు ఇట్ల పైకి ఎత్తితే కింద ఉయ్యాల కనపడతాది. దీనికి నీళ్లు అక్కరలేదు. వేలు చాలు. నువ్వు పెట్టె తట్టు చూడు, నా తట్టు చూడొద్దు."

"ఏం చేస్తాండావు తిమ్మక్కా? ఆ టకటక ఏంది? అయ్యో! అరవై... నూట ఇరవై... రెండొందలు... ఆగిపోయింది! ఆగిపోయింది! మౌసు కదలదు, మీట పలకదు!"

"అట్ల అరస్తావేమి? ఊరంతా వస్తాది. పోయినేడు నేను కూడా ఇట్లే అరిసి ఓబులేసుకు దొరికిపోయినా."

"నువ్వా! బల్లి నువ్వా?"

"నీళ్లు దండగ అని మొదట్నుంచీ మొత్తుకుంటాండా."

"ముందే చెప్పింటే రెండు బిందెలు మిగిలేవి గదా!"

"చెప్తే నా పని మిగిలేదా? ఇప్పుడు మాత్రం మిగులుతాదో లేదో. నువ్వు పోయి ఆఫీసులో చెప్పినా నేను కాదనను. కానీ ఒకటి విను. ఆ పొద్దు రిజిస్టరులో సున్నానే రాసినా. దొంగ లెక్క గిన్నెలో పడింది గానీ, నా చేతి రాతలోకి రాలేదు."

"ఆఫీసుకు నేనేమీ చెప్పను. ఉండు, కొత్తది ఎక్కిస్తాండా. ఆ, లేచింది. ఊపు మళ్లా."

"ఊపుతాండా."

"రెండొందలు. మూడొందలు. ఐదొందలు. పక్కకు పొర్లలేదు! నిలబడింది! చాలు తిమ్మక్కా, ఆపు."

"ఇంకొంచెం ఊపుతాలే. బాగుండాది. మొదలుపెడితే ఆపబుద్ధి కాదు."

"ఆపు తల్లీ, వేలు వాస్తాది. ఇంక సాక్ష్యం రాయల్ల. నీ పేరుతో. ఇంగ్లీషులో ఒత్తులుండవు, అక్షరాన్ని రెండుసార్లు కొట్టల్ల."

"అయితే రెండుసార్లు కొట్టు, పిసినారితనం చేయొద్దు. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. 'రెండు బిందెలతో చెడలేదు. వేలితో చెడింది. బాగు చేసినాక వేలితోనూ చెడలేదు. వాన పడలేదు.'"

"వేలు అని రాస్తే దేశదేశాల్లో నవ్వుతారు."

"నవ్వనీ. మే నెలలో ఈ సీమలో ఐదొందలు వాన పడిందంటే ఆ పెద్దాయన నమ్మేంత అమాయకుడా?"

"సరే, వేలే. కింద ఇంకో వరస ఉంటాది. బొక్కను మొదట బయట పెట్టింది ఎవరు అని. నా పేరు రాసుకుందామనుకున్నా. న్యాయంగా అది నీది."

"అంటే నేరం ఒప్పుకున్నట్టా?"

"కాదు. మర్యాద."

"నేరం చేసినోళ్లకు మర్యాద చేసే ఊరు యాడుండాది పాపా?"

"కెర్నెల్‌లో ఉండాది. దొంగ లెక్కంతా చెరిపేసినా. తీగ తగిలించినా. పోతాంది... పోయింది. పది నిముషాలు తక్కువ ఆరు."

"మా గిన్నె ఉంటాదా?"

"ఉంటాది. నాకు నమ్మకం ఉండాది. తాళం వేసుకో. ఇప్పుడు ఒకటి అడుగుతా, నిజం చెప్పు. పోయినేడు ఆ పొద్దు ఎందుకు ఊపినావు? ఎవరైనా ఊపమన్నారా?"

"ఛీ, ఛీ. నాకొకరు చెప్పేదా?"

"మరి?"

"నవ్వగూడదు."

"నవ్వను."

"మా ఆయన పోయినాక ఆయన పని నాకిమ్మంటే, అంకెలు రాయొస్తేనే అన్నారు. యాభై ఏండ్లప్పుడు పలక పట్టుకున్నా. పది అంకెలూ నేర్చుకున్నా. అన్నింటికంటే ఎనిమిది ఏడిపించింది నన్ను. నెల రోజులు తిప్పినా, ఒక పక్క కుండ, ఒక పక్క చెంబు. ఒక పొద్దు కుదిరింది. ఎంత చక్కగా కుదిరిందనుకున్నావు!"

"దానికీ దీనికీ ఏమి సంబంధం?"

"పోయినేడు జూన్ ఒకటి నాడు రిజిస్టరు నా చేతికిచ్చిరి. ఆ పొద్దు నుంచి ఆగస్టు పదకొండు దాకా నేను రాసింది లెక్కపెట్టు."

"సున్నా... సున్నా... సున్నా... జూలై అంతా సున్నా... డెబ్బై రెండు సున్నాలు, తిమ్మక్కా."

"డెబ్బై రెండు. పన్నెండో నాడు పొద్దున్నే, ఒక్క ఎనిమిది రాయల్లనిపించింది పాపా."