సీతమ్మ తరఫు

"బాపమ్మా, ఈసారి ఎదురుకోలు బంద్ చేసిన్రట గదా. పోతే పోనీయ్. మేం ఆకాశంలో సగం అని కొట్లాడుతుంటే, ఇంకా దేవునికి పెండ్లిళ్లేంది? అసలు ఆ ఎదురుకోలు ఎందుకు?"

ఏమన్నవే? పోనీయాల్నా? పొద్దటి నుంచి నా నెత్తి గరమైతాంది, ఇప్పుడు నువ్వొకదానివి తయారైనవ్. ఆ ఫోను జర అవతలికి పెట్టు, నా నోట్లె పెడ్తాన్నవ్. రికార్డయితాందా? కానీ. నేను తిట్టేది సుత అండ్ల రావాలె.

ఎదురుకోలంటె ఏముందే. రేపు రామనవమి లగ్గమనంగ, ఇయ్యాల పొద్దుగూకెయాళ్లకు పిల్లగాని తరఫోళ్లు రామయ్యను పల్లకిల కూసోబెట్టుకొని బ్యాండుతోని అస్తరు. పిల్ల తరఫోళ్లు సీతమ్మను పట్టుకొని ఎదురువోయి రోడ్డు నడుమ ఆపుతరు. ఆపి అడుగుతరు, ఎవరు బాబూ మీరు, ఏం పనిమీద అచ్చిన్రు, అని. వాళ్లు పిల్లను అడగనీకె అచ్చినమని చెప్పాలె. ఊకె చెప్తె ఇనరు మల్ల. ఎక్కిరిచ్చుకుంటరు, నవ్వుకుంటరు, గంట సేపు నడుస్తది. ఆఖరుకు పిల్ల తరఫోళ్లు పానకం తాపి, కాళ్లు కడిగి తోల్కపోతరు.

మన బజార్ల లెక్క ఎట్లుండెనంటె, గుడికి మొకం పెడితె రోడ్డుకు ఇటు ఇండ్లోళ్లు రామయ్య తరఫు, అటు ఇండ్లోళ్లు సీతమ్మ తరఫు. మనది ఇటే. ఎవరు రాసిండ్రో తెల్వది, నేనచ్చే సరికే అట్లుండె. ఇప్పుడేమో అటు దిక్కు పాత ఇండ్లు పోయి అపార్టుమెంట్లు లేసినయి. అండ్ల ఉండేటోళ్లను అడిగితె, "మేము రాముని తరఫే ఆంటీ" అంటరు. ఎందుకు కాదు? ఇటైతె గొడుగు, బ్యాండు, ముందల నిలవడితె ఫోటో. అటైతె పానకం బిందెలు మొయ్యాలె, ఎండల ఎదురు సూడాలె, కాళ్లు కడగాలె. ఎవలికి కావాలె గది?

ఇగ పొద్దుగాల గిన్నెల దుకాణం రాజేశం అచ్చిండు. గుడి కమిటీకి పెద్ద గదా ఈ ఏడు. "పెద్దమ్మా, పిల్ల తరఫు పేరిచ్చేటోళ్లే లేరు. ఇద్దర్నీ ఒక్క బండి మీద పెట్టి డీజేతోని తిప్పుతం, టైం సుత కలిసొస్తది" అన్నడు. నాకు ఒళ్లు మండింది. లగ్గం గాకముందే పిల్లను తీస్కపోయి పిల్లగాని పక్కకు ఎక్కిస్తవారా, నీ బిడ్డ లగ్గం గిట్లనే జేసినవా అన్న. నవ్విండు. నవ్వనీకె ఏమున్నదో!

పానకం కలిపి బిందెకు తడిబట్ట కట్టి పెట్టిన, సీమలు పడ్తయని. జర సూసి రా... వద్దులే, కూసో. అప్పట్ల రూపాయికి ఇంత బెల్లం ముద్ద అచ్చేది. ఏం చెప్తాన్న? ఆ, నా సంగతి.

నాకు అవ్వ లేదు, నాయిన లేడు. నర్సంపేట కాడ మా మేనమామ సాదిండు. నా లగ్గానికి నా తరఫున మామ, అత్త, వాళ్ల పిల్లలు, అంతే. ఈడికచ్చిన మొదటి రామనవమికి మా అత్త, అంటె మీ తాతను కన్నతల్లి, నాకు హారతి పళ్లెం ఇచ్చి రామయ్య పల్లకి పక్కన నిలబెట్టింది. ఆమె నోరు మా దొడ్డది. ఎక్కిరిచ్చుడుల ఆమెను గెలిచేటోళ్లు లేరు. అటోళ్లు, "మీ పిల్లగాడు నల్లగున్నడు, ముగ్గురత్తల కొంపకు మా పిల్లనెట్ల ఇస్తం" అన్నరు. మా అత్త నడుము మీద చెయ్యి పెట్టి, "నలుపైతె ఏంది? మీ పిల్లకు అవ్వయ్యలెవరు? దుక్కిల దొరికింది. రేపు ఏమన్న అయితె అడగనీకె ఎవలున్నరు?" అన్నది.

అందరు పక్కున నవ్విన్రు. నన్ను అనలేదే ఆమె, నవ్వులాటకే అన్నది. గని నాకు ఈడ, గుండెల కలుక్కుమన్నది. మరి ఎట్ల పోయిన్నో ఏమో, పళ్లెం పట్టుకొని రోడ్డు దాటిన. సీతమ్మ పక్కన నిలవడి, "అడగనీకె నేనున్న" అన్న. బ్యాండోళ్లు సుత ఆపిన్రు. కొత్త కోడల్ని నేను. మీ తాతేమో తల దించుకొని నవ్వుడు. మా అత్త నడుము మీది చెయ్యి తీసి, "ఓయమ్మో, మా కోడలు పార్టీ మార్చింది!" అన్నది. ఇంటికి పోయినంక తిడ్తదనుకున్న. తిట్టలే. మల్లచ్చిన ఏడు తానే పానకం బిందె నా సంకకెత్తి, "పో, నీ తరఫుకు పో" అన్నది. ఆమె ఉన్నన్ని ఏండ్లు ఆమె ఇటు, నేనటు. నేను కలిపిన పానకం తాగి, మా కోడలు బెల్లం తక్వేసిందని అందరి ముందల అనుడు.

నువ్వడిగినవ్ గదా, దేవునికి లగ్గమేందని. నేను సదువుకోలే. ఏండ్లకేండ్లు ఆడ నిలవడి నాకు తెల్సింది ఇంతే. అంతటి దేవుడు గూడ పిల్లనియ్యమని అడగాలె. ఆపితె ఆగాలె. సీతమ్మంటె ఎవరో కాదే, భూమిల పుట్టింది, మన లెక్కనే. దేవుడు నడిసచ్చేది మనకోసం. ఇప్పుడు అందరు పోయి ఆయన పక్కనే నిలవడితిరి. మరి ఆయన ఎవలి కోసం అస్తాండు? ఈ ముచ్చట చెప్తె రాజేశం, "పెద్దమ్మా, నువ్వు ఫికర్ చెయ్యకు" అంటడు. ఫికర్ చెయ్యకనంట!

అగో, డీజే మొదలైంది. కిటికీలు దడదడలాడుతానయి. దేవుడు అస్తాండో తుఫాను అస్తాందో.

నా చెయ్యి పట్టు, లేస్త. ఆ బిందె నాతోని లెవ్వది, మోకాళ్లు పోయినయి. నువ్వు ఎత్తుకుంటవా? ఆకాశంల సగం సంగతి రేపు కొట్లాడు బిడ్డా, ఇయ్యాల ఈ రోడ్డుల సగం ఖాళీగున్నది, అచ్చి నిలవడు. బండి ఆపకపోతెనా? ఆపక ఏం జేస్తడు రాజేశం, నడుమ ముసలిదాన్ని పెట్టుకొని. ముందుగాల సీతమ్మను కిందికి దించుమంట... ఆ, అట్ల పట్టుకో, ఒలకబొయ్యకు. నిన్ను అడగనీకె అచ్చేటోడు సుత గిట్లనే ఆగి, అడిగి, నీ మాట ఇనేటోడు కావాలె. సల్లగుండు. దించినంక నేను గొంతు సవరించుకొని అడుగుత. నా గొంతు పోతె నువ్వు అందుకోవాలె, ఇన్నవా... ఎవరు బాబూ మీరు, ఏం పనిమీద అచ్చిన్రు...