వెనక దర్వాజకు అలారం

తాండూరులో బాలస్వామి, రెబెక్కల ఇల్లు బాగుచేత పనుల్లో సగం కూలి, సగం లేచి ఉంది. ఆలుమగల మాట మాత్రం నెల రోజులుగా కూలిన దగ్గరే ఉంది. వికారాబాద్ షాపు నుంచి అలారాలు పట్టుకొచ్చిన దేవిక, పాపం, ఆ ఇద్దరి నడుమ ఇరుక్కుంది.

"ఏదో ఒకదానికి ఊ అనుండ్రి అక్కా. రేపు మేస్త్రి గోడకు సిమెంటు గిలాబు చేసిండంటే వైర్లు లోపల వేయనీకె రాదు."

"నన్నెందుకడుగుతవ్ దేవికా, గాయన్నడుగు. ప్రతిదానికి వద్దే అంటున్నడు."

"అన్నా, ఇది చూడుండ్రి. దర్వాజ కదిలితే చాలు, మీ ఫోన్ మోగుతది."

"ఫోన్‌ది వద్దు."

"ఎందుకన్నా?"

"వద్దంటే వద్దు. లైటు వెలిగేది లేదా? పెద్ద లైటు, మంచం మీద పడేటట్టు."

"ఇన్నవా దేవికా? దొంగకు దీపం పడతడట."

"ఉత్త లైటుది లేదన్నా. సైరన్‌తోనే వస్తది."

"అయితే అలారమే వద్దు. ఇనుప దర్వాజ పెట్టి, రెండు గడియలు ఏద్దాం."

"దొంగలు పడ్డనాడు దర్వాజకు గడియ లేకుండెనా? గడ్డపారతోని పలగ్గొట్టి వచ్చిన్రు. నా కుట్టుమిషన్ నాపరాళ్ల మీద బరబర గుంజుకపోయిన్రు. గా చప్పుడుకు మూడిండ్ల అవతల మార్తక్క లేచి కూసున్నది. పక్క అర్రల పండుకున్న మనిషికి మాత్రం మెలకువ రాలే."

"నిద్ర పట్టిందని చెప్పిన గదా."

"ఎన్నిసార్లు చెప్తవ్ గదే మాట?"

"నువ్వెన్నిసార్లు అడుగుతవ్? పొద్దంత రాళ్ల మిల్లుల పాలిష్ మిషన్ కాడ నిలబడి వస్త. పండుకుంటే పీనుగు లెక్కనే."

"అక్కా, నేను జర బయట ఉండనా?"

"ఉండు, నువ్వు గూడ విను. ధారూర్‌ల మా చెల్లె ఇంటికి పోయిన ఒక్క రాత్రి. గా ఒక్క రాత్రి ఈయన ఇంట్ల లేడు. తాగి యాడ పడ్డడో, ఎవరింట్ల ఉన్నడో. మిషన్ పోతే పోయింది. గీ అబద్ధంతోని కాపురం చేసుడే నాతోని అయితలేదు."

"ఇంట్లనే ఉన్న రెబెక్కా. ప్రభువు మీద ఒట్టు."

"ప్రభువును నడుమకు గుంజకు."

"ఇంక నేనేం చెప్పాలె?"

"నిజం చెప్పు. ఎటు పోతున్నవ్? గోడ దిక్కు తిరిగినవేంది? నిన్నే అడుగుతున్న. ఎవరింట్ల ఉన్నవ్ గా రాత్రి?"

"సిమెంటు ఇంకో రెండు బస్తాలు పట్టేటట్టున్నది."

"చూసినవా దేవికా? అడిగినదొకటి, చెప్పేదొకటి. సైరన్‌దే పెట్టు. గిలాబు గాంగనే నేను ధారూర్ రైలెక్కుత, మళ్ల రాను. ఈయనకు గా అలారమే తోడుంటది."

"కోపంల గట్లనకక్కా. ముందు పండుకునే అర్రలకు వినొస్తదో లేదో చూద్దాం. మీరిద్దరు లోపల కూసోండ్రి, తలుపు దగ్గరికేసుకోండ్రి. నేను వెనక దర్వాజ కాడికెల్లి మోగిస్త."

"రావయ్యా. నిన్నే, రా. గీ మంచం మీద కూసో. నీ నిద్రకు గా సైరన్ సరిపోతదో లేదో నువ్వే చెప్పు."

"సరే."

"మోగుతున్నదక్కా, వినొస్తున్నదా?"

"వినరాకేం, చెవులు పగులుతున్నయ్. ఆపు దేవికా, గల్లీల కుక్కలన్ని ఒర్రుతున్నయ్. ఏమయ్యా, కిటికీలకెల్లి చూసుకుంట కూసున్నవేంది? నీది జర గట్టి గొంతు, ఆపమని చెప్పు."

"గా పిల్ల ఇంకెప్పుడు మోగిస్తదే? నాకు మిల్లుకు టైమైతున్నది."