ఈశాన్యం మూల రాగిచెంబు

"మామ్మగారూ, ఈ ఇంటి పునాదిలో నిధి దొరికిందటగా?" అని అడిగాను. ఈ పరాయి దేశంలో, క్లైడ్ నార్త్‌లో నేను అద్దెకుండే గది ఆవిడ కొడుకుదే.

"నిధా? ఆఁ, మహా నిధి! కూర్చో. ఆ చిక్కుళ్ళిలా ఇవ్వు, ఈనె తీస్తూ చెప్తా. పునాదిలో ఈశాన్యం మూల రాగిచెంబులో నవధాన్యాలు పోసి పాతాలి కదా. ఇక్కడ ఇల్లు కట్టేదాకా మన స్థలంలోకి మనల్నే రానివ్వరాయె, కంచెలూ తాళాలూ. మావాడు, అంత ఇంజినీరు, ఆదివారం కంచె సందులోంచి దూరి పాతొచ్చాడు. దొంగ శంకుస్థాపనన్నమాట!

మర్నాడే పనివాళ్ళకి చెంబు కనపడింది. పక్కన వాగుంది కదా, ఈ నేల తొలిమనుషుల ఆనవాళ్ళుంటాయేమోనని ముందే ఓ ఆర్కియాలజీ పిల్లని పెట్టుకున్నారు. పని ఆపి మమ్మల్ని పిలిచారు. 'ఇది మీదా?' అంటే మావాడు 'నో ఐడియా' అన్నాడే! కంచె దూరాడు కదా, భయం. వాళ్ళ నాన్నా అంతే, బందరులో ఓసారి... సర్లే, అదెందుకు.

ఆ పిల్ల మోకాళ్ళమీద కూచుని బ్రష్షుతో చెంబుకి సింగారం చేస్తోంది. మట్టిలో కింది పొర పాతదీ, పై పొర కొత్తదీనట. ఇంత చదువెందుకమ్మా, నా ఫ్రీజరు చూస్తే తెలీదూ? మనిషి చేసిన వస్తువైతే ఆర్టిఫాక్టట, చెంబంటే నోరు పడిపోతుంది కాబోలు. దానిమీద అక్షరాలు చూసి శాసనమేమోనని ఒకటే ఫోటోలు! 'సీతారత్నానికి మేనత్త కానుక' అని, నా పెళ్ళికి చెక్కించింది. అప్పట్లో అక్షరానికి ఐదు పైసలు. పిసినారిది, ఇంటిపేరు ఎగ్గొట్టింది.

'దొరికిన చోటు తెలీకపోతే వస్తువు మూగదే ఆంటీ. ఆ చోటునే కాంటెక్స్ట్ అంటాం' అంటూ చెంబుని సంచిలో పెట్టబోయింది. ఇంకేముంది! పొద్దున్నే కాంక్రీటు పోసేస్తారు. చెంబు లేని పునాదిమీద నా మనవలు తిరగాలా? 'అమ్మాయ్, దానిమీద రాసున్న రత్నం నేనే' అన్నా, నా ఇంగ్లీషులో. మూత తియ్యకముందే చెప్పా, లోపల నవధాన్యాల్లో పసుపుకొమ్ము, పోకచెక్క, మా అత్తగారి పావలా అని. తీస్తే అవే. మావాడి మొహం చూడాలప్పుడు, వాణ్ణి పాతేసి ఉంటే బాగుండేది!

ఆ పిల్ల పడీపడీ నవ్వింది. సూపర్‌వైజరు గొణుగుతున్నా వినకుండా, తను కొలిచి రాసుకున్న చోటే, అదే లోతున పెట్టింది. మావాడు కంగారులో వంకరగా పాతాడట, మళ్ళీ అంతే వంకరగా! 'నిలబెట్టవే' అంటే, 'నో ఆంటీ, ఉన్నది ఉన్నట్టే' అంది.

ఈ సోఫా కిందే ఉంది, ఒరిగి... వేళాకోళానికేం గానీ, ఆ పిల్లని రోజూ తలుచుకుంటా.

అదేంటే, కళ్ళు తుడుచుకుంటున్నావు? చెంబుకే అలాంటి మనిషి దొరికిందంటే... నీకూ దొరుకుతాళ్ళే. ఎవరు నిన్ను ఎక్కణ్ణించి లాగేసినా, నీ చోటేదో గుర్తుపెట్టుకునే మనిషి దొరకాలి, చల్లగా ఉండు. వంకరున్నా సర్దకుండా... ఆ చిక్కుడు పుచ్చిందే, పారెయ్యి..."