ఏడాదికి రెండు వేళ్ళు పెరిగిన వస్తాదు

గౌరునాయుడు వస్తాదుకి భుజం పట్టేసింది. ఎప్పుడనుకున్నారు, అరవై ఏడో ఏట. మా తాటివలస గరిడీకి వస్తాదు ఆయన. గరిడీ అంటే ఇప్పటోళ్ళకి తెలీదు కదా, ఇసక పోసిన పాక, అందులో కర్రసాము నేర్పుతారు. ఆయన ప్రాయంలో కర్ర తిప్పుతుంటే చుట్టూ పదిమంది నిలబడి పిడికిళ్ళతో ఆవాలు విసిరేవారు, ఒక్క గింజ ఒంటికి తగిలితే ఒట్టు. తరవాత ఆ ఆవాలన్నీ ఏరి కొలిస్తే ఒక్కటి కూడా తగ్గేది కాదు. ఏరిందెవరనుకున్నారు, నేనే. మూడు రోజులు పట్టింది. అంతటి మనిషికి చెయ్యి చెవి దాటి పైకి లేవట్లేదు. ఆ చెయ్యి లేవకపోతే ఏటి పోతుందంటే, అమ్మవారి సంబరంలో తొలి కర్ర పోతుంది. ఐదేళ్ళకోసారి సంబరం. అమ్మవారి ఘటం ఊళ్ళోంచి గుడికెళ్తుంటే దాని ముందు మైలు దూరం కర్ర ఆపకుండా తిప్పుకుంటా నడిచేవాడే తొలి కర్ర. గౌరునాయుడి తాత తిప్పాడు, తండ్రి తిప్పాడు, ఈయన ఇరవై ఐదేళ్ళుగా తిప్పుతున్నాడు. ఈయన తిప్పలేకపోతే అది పక్కూరు జోగినాయుడు వస్తాదుకి పోతుంది. జోగినాయుడు ఈయనకి వరసకి బావ. ఒకే గురువు, ఒకే ఈడు, ఒకే పొడుగు. ఇద్దరికీ ఒకే పొదలో వెదురు కొట్టి, ఒకేరోజు చెరో కర్రా చేతికిచ్చాడు గురువు. అప్పట్నించీ ఇద్దరికీ ఒకరి పొడ ఒకరికి గిట్టదు.

సరే, కట్లు కట్టే పెంటయ్యని పిలిపించారంట. ఆయన భుజం అటు నొక్కి ఇటు నొక్కి, కర్ర తెమ్మని వస్తాదు పక్కన నిలబెట్టి చూసి, "నాయుడూ, భుజంలో ఏం లేదు, తప్పంతా ఈ కర్రది" అన్నాడంట. ఎంచేతనంటే, కర్ర అన్నది మనిషి చెవి దాకా ఉండాలి, అదీ కొలత. ఇదేమో నెత్తి దాటి పైకి పోయింది. "నువ్వు కుంగావు, అది కుంగలేదు. చెవి దాకా కోసుకో. గెంతులు మాను. నిద్ర లేచీ లేవగానే కర్ర ఎత్తకు, ఒళ్ళు వెచ్చబడ్డాక మెల్లగా మొదలెట్టు. అలాగైతే ఎనభై ఏళ్ళకి కూడా తిప్పుతావు" అన్నాడు. ఇందులో తప్పేటుంది చెప్పండి. కానీ మా వస్తాదు ఉగ్రం చూడాలి. నన్ను చచ్చిపొమ్మంటున్నావా అని లేచాడంట. పెంటయ్య గోచీ సర్దుకుని పారిపోయాడు, మళ్ళీ మూడేళ్ళు మా ఊరి పొలిమేర తొక్కలేదు.

అంత కోపం ఎందుకంటే, మా వైపు గరిడీల్లో ఒక ఆచారముంది. వస్తాదు బతికుండగా కర్ర కొయ్యకూడదు. పోయిన రోజున ఇల్లాలే రంపం పట్టుకుని కోస్తుంది. కోసిన ముక్క నిప్పులో పెడతారు, మిగిలింది గరిడీలో వేలాడదీస్తారు. అందుకని కర్ర కోసుకో అంటే కాటికి పో అన్నట్టే. దాంతో వస్తాదులంతా ఏం చేసేవారంటే, ముసలాళ్ళయ్యేకొద్దీ తాము కుంగిపోతా, కుంగని కర్రతో కుస్తీ పడతా, భుజాలు విరగ్గొట్టుకుని, నడుములు పట్టేసి, చివరికి కర్ర మూలనెట్టి, మంచం మీద కూకుని తమ ప్రాయం కథలు చెప్పుకునేవారు. పౌరుషం అంటే అదే అనుకునేవారు.

గౌరునాయుడి పెళ్ళాం ఆదెమ్మ. మాట తక్కువ మనిషి. పెంటయ్య చెప్పిందంతా గుమ్మం చాటున విని, మొగుడికి గంటి జావ పోసి, గిన్నె కడుక్కుని వెళ్ళిపోయింది. ఇప్పుడు చూడండి ఆవిడ పని. దసరాకి ముందు తొమ్మిది రోజులు వస్తాదు కర్రకి నువ్వులనూనె పట్టించి అటక మీద పెడతారు. ఆ తొమ్మిది రోజులూ వస్తాదు దాన్ని ముట్టుకోడు, ఇల్లాలే చూసుకోవాలి. ఆ ఏడు ఆదెమ్మ ఏం చేసిందంటే, కింది కొసన ఇత్తడి పొన్ను ఊడదీసి, రెండు వేళ్ళ ముక్క రంపంతో కోసేసి, మళ్ళీ పొన్ను తొడిగేసి, నూనె రాసి పెట్టేసింది. అంతే. కోసిన ముక్క పొయ్యిలో పెట్టి గంటి కాచింది. దసరా నాడు వస్తాదు కర్ర దించి, పూజ చేసి, పక్కన నిలబెట్టుకుని చూసుకున్నాడు. నెత్తి కన్నా నాలుగు వేళ్ళు పైకుండేది రెండు వేళ్ళే ఉంది. "ఏటే ఆదీ, నేను పెరిగినట్టున్నాను" అన్నాడంట. ఆవిడ చూసి, "అలాగే ఉంది, నిరుడు గుమ్మం తగిలేది కాదు మీకు, మొన్న తగిలింది" అందంట. నవ్వలేదు. నేనైతే నవ్వేసి కొంప ముంచేసేవాణ్ణి.

అంతటితో ఊరుకుందా. పొద్దున్నే లేచి గరిడీలో గెంతితే మోకాళ్ళు పోతాయని, "వడియాలెట్టాను, కాకులొస్తున్నాయి, కాస్త కర్ర తిప్పుతా కాపలా కాయండి" అనేది. ఎండ బాగా ఎక్కాక, వీధరుగు ముందు. ఆయన జోరుగా తిప్పితే, "గాలికి వడియాలు దొర్లిపోతున్నాయి, మెల్లగా" అనేది. గెంతితే, "దుమ్ము పడుతోంది" అనేది. వస్తాదు సణుక్కుంటా, గంటసేపు, నీళ్ళలో చేప తిరిగినట్టు మెల్లగా కర్ర తిప్పేవాడు. వడియాల రోజులైపోతే మిరపకాయలు, అవైపోతే చింతపండు. ఆ ఇంట్లో సంవత్సరమంతా ఏదో ఒకటి ఎండుతానే ఉండేది. ఊరికి సరిపడా వడియాలు వాళ్ళింట్లోనే ఉండేవి. ఆర్నెల్లకి చెయ్యి చెవి దాటి లేచింది. ఏడాదికి చంక కింద గుమ్మడికాయ పెట్టుకుని కర్ర తిప్పాడు, కాయ జారలేదు. నా కళ్ళతో చూశాను, ఇంత కాయ.

అలా ఏడాదికి రెండు వేళ్ళ చొప్పున ఐదు దసరాలు. ఐదో దసరాకి కర్ర సరిగ్గా చెవి దగ్గరికొచ్చింది. వస్తాదుకి ఇక భూమ్మీద కాలు నిలవలేదు. ఊరంతా తిరిగి చెప్పాడు, సాము సరిగ్గా చేస్తే మనిషి డెబ్బై రెండేళ్ళకి కూడా పెరుగుతాడంటా. మా ఊళ్ళో ముసలాళ్ళు నమ్మి, పొద్దున్నే గోడ పక్కన నిలబడి బొగ్గుతో గీతలు పెట్టుకోడం మొదలెట్టారు. నేను కూడా పెట్టాను. ఒక వేలు పెరిగాను కూడా, నమ్మితే నమ్మండి.

ఇంతలో సంబరం వచ్చింది. ఘటం లేవకముందు రెండు గరిడీల వస్తాదుల కర్రలూ అమ్మవారి ముందు పక్కపక్కన పడుకోబెట్టి పసుపు రాస్తారు. ఏడూళ్ళ జనం ఉన్నారు, లక్ష మందికి తగ్గరు. రెండు కర్రలూ పెట్టగానే జోగినాయుడు వంగి చూశాడు. గౌరునాయుడిది జానెడు తక్కువుంది. ఒకే పొదలో కొట్టిన ఒకే పొడుగు కర్రలాయె. "పెద్దయ్యా, ఇది కోసిన కర్ర. కర్ర కోసినాక వస్తాదు పోయినట్టే. పోయినోడికి తొలి కర్ర ఏటి" అన్నాడు. డప్పులు ఆగిపోయాయి. ఊరిపెద్ద లక్ష్మున్నాయుడు, ఆయన మాటే మాకు తీర్పు, గౌరునాయుడి వంక చూశాడు. గౌరునాయుడు తన కర్ర వంక చూసుకుని, "నేను కొయ్యలేదు, నేను పెరిగాను" అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వు పాపిష్ఠిది బాబూ. లక్ష మందిలో నవ్వనిది నేనూ, ఆదెమ్మా.

అప్పుడు ఆవిడ ముందుకొచ్చింది. "మావయ్యా, కోసింది నేను" అంది. ఎందుకు కోశావమ్మా, ఆచారం తెలీదా అన్నాడు పెద్ద. "తెలుసు కాబట్టే కోశాను. ఇల్లాలు కొయ్యాలన్నారు, ఇల్లాల్నే. ముక్క నిప్పులో పెట్టాలన్నారు, పొయ్యిలో పెట్టాను. ఏడాదికి రెండేసి వేళ్ళ చొప్పున ఐదేళ్ళు నా మొగుణ్ణి తగలేశాను. తగలేసిన ప్రతిసారీ తెల్లారి లేచి గంటి పొయ్యమన్నాడు. పోయాడంటే నన్నేటి చెయ్యమంటారు, పొయ్యకుండా ఉండమంటారా" అంది. లక్ష్మున్నాయుడు మీసం దువ్వి, దువ్వి, "మరైతే జోగీ, నీ కర్ర కొయ్యలేదు, నువ్వు నికరంగా బతికున్నావు. తొలి కర్ర నువ్వే పట్టు" అన్నాడు.

జోగినాయుడు పట్టాడు. కర్ర చూస్తే తాటిచెట్టంత, కింద ఆయన. ఒక తిప్పు తిప్పాడు, బాగుంది. రెండో తిప్పుకి మొహం ఎర్రబడింది. మూడో తిప్పుకి చెయ్యి పైకెళ్ళింది, మరి కిందికి రాలేదు. దించబోతే కేక. అలాగే నిలబడిపోయాడు, దారి చూపించే మనిషిలాగ. ఇద్దరు మనుషులు పట్టుకుని పందిరి మీంచి సొరకాయ దించినట్టు ఆ చేతిని దించారు. అందులో ఒకణ్ణి నేనే. నేను నూనె పెట్టి నొక్కకపోతే ఈపాటికీ ఆ చెయ్యి అలాగే ఉండేది.

ఇక అందరి చూపూ గౌరునాయుడి మీదే. తిప్పగలడు, అందరికీ తెలుసు. తిప్పుతాడా అన్నదే. ఐదేళ్ళు పెరిగాననుకున్న మనిషి ఒక్క పూటలో కుంగిపోయాడు కదా. ఆయన జనాన్ని చూళ్ళేదు, అమ్మవారిని చూళ్ళేదు, పెళ్ళాన్ని చూశాడు. "ఎన్ని వేళ్ళే" అన్నాడు. "పది" అంది. పసుపు రాసిన తన కర్ర తీసుకుని పక్కన నిలబెట్టుకున్నాడు, చెవి తడిమి చూసుకున్నాడు. తరవాత ఆవిడకే వినపడేలాగ, "ఇంకో రెండు వేళ్ళు ఎక్కువే ఉన్నట్టుంది" అన్నాడంట. డప్పులోళ్ళకి చెయ్యెత్తాడు. మెల్లగా మొదలెట్టాడు, మైలు దూరం, కర్ర ఒక్కచోట ఆగలేదు, కాలు ఒక్కచోట తడబడలేదు. గుడి దగ్గర దించి, రొప్పకుండా మంచినీళ్ళడిగాడు.

తరవాత ఏటైందంటే, ఏడూళ్ళ వస్తాదుల పెళ్ళాలూ తరవాతి దసరాకి ఆదెమ్మ దగ్గరికొచ్చి రంపం ఎరువడిగారు. జోగినాయుడి పెళ్ళాం అందరికన్నా ముందొచ్చింది. ఇప్పుడు మా వైపు ఎనభై దాటినోళ్ళు కూడా చిన్న చిన్న కర్రలు పట్టుకుని, వడియాల ముందు చక్కగా తిప్పుకుంటున్నారు. కాకులు కరువైపోయాయి. అందరూ కోయించుకున్నారు గానీ, నేను మాత్రం నా కర్రని ఒక్క వేలు కూడా ముట్టుకోనివ్వలేదు. పౌరుషమున్న వస్తాదుని. గురువు ఇచ్చిన పొడుగు ఇచ్చినట్టే ఉంది, అదిగో ఆ మూలన. కావాలంటే చూడండి. ఎవరైనా కాస్త ఎత్తి ఇలా ఇస్తే నేనే చూపిద్దును.