సర్వర్ బాబాయ్ బిగించిన తాళం

ఆసుపత్రి వెనక గేటు పక్కన ఒక టీ కొట్టుంది. మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ సర్వర్ బాబాయ్ అక్కడ నోరు విప్పాడంటే ఎవరి గ్లాసులో టీ అందులోనే చల్లారిపోవాల్సిందే. ఆసుపత్రి కంప్యూటర్లు, వెబ్‌సైటు చూసుకునే మనిషి కాబట్టి ఆ పేరొచ్చింది. వరసకు ఎవరికీ బాబాయ్ కాడు, కానీ అందరికీ బాబాయే. కోతలు కోయడంలో ఆయన్ను మించినవాడు పుట్టలేదని అంబులెన్స్ డ్రైవరు ఒట్టేసి చెబుతాడు.

ఆ రోజు వినేవాళ్లలో కొత్తగా ఒకావిడ చేరింది. ఆసుపత్రిలో అందరూ ఆమెను విషాల సిస్టర్ అంటారు. ఎవరైనా పొరపాటున విషం లాంటిది మింగితే ఇంట్లోవాళ్లు ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పే ఫోను ఒకటుంది. దాని ముందు కూర్చునే నర్సు ఆమె. కంగారులో ఉన్నవాళ్లకు నంబరు గుర్తుండదు, సెల్లులో వెతుకుతారు. ఇన్నాళ్లూ అలా వెతికితే అన్నిటికన్నా పైన ఆసుపత్రి పేజీయే వచ్చేది, ఎర్ర అక్షరాల్లో నంబరుతో సహా. సైటును తాళం బొమ్మ ఉండే కొత్త చిరునామాకు మార్చినప్పటి నుంచి ఆ ఫోను మోగడం తగ్గి తగ్గి ఆగిపోయింది. ఆఫీసులో చెబితే, చిరునామా కొట్టి చూపించారు. పేజీ చక్కగా తెరుచుకుంది, ఇంకేం కావాలమ్మా అన్నారు. జనం జాగ్రత్త నేర్చుకున్నారేమోనని సూపరింటెండెంటు గారు సంతోషించి, ఇక ఆ ఫోను తీసేసి ఆమెను వార్డుకు పంపిద్దామని కూడా అన్నారు.

నిన్న ఒక తండ్రి తన చిన్న పిల్లను భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. పిల్ల బాత్రూమ్ కడిగే యాసిడ్ తాగింది. ఆయన సెల్లులో వెతికితే పైన ఎవరిదో చిట్కాల పేజీ వచ్చిందట. అందులో రాసినట్టే ఉప్పునీళ్లు పట్టించి కక్కించాడు. కక్కించొద్దు, ఏం చేసినా కక్కించొద్దు అని సిస్టర్ ఫోనులో గొంతు పోయేలా చెప్పే మాట అదే. లోపలికి పోతూ ఒకసారి కాల్చిన యాసిడ్ బయటికి వస్తూ మళ్లీ కాల్చింది. పిల్ల ఇప్పుడు పైఅంతస్తులో గొట్టాల మధ్య ఉంది. సిస్టర్‌కు దుఃఖం కంటే కోపం ఎక్కువగా ఉంది. బాబాయ్‌ను నిలదీయాలనే వచ్చింది గానీ, ఆయన అప్పటికే ఆ సైటు కథే ఎత్తుకుని ఊపులో ఉన్నాడు. ఏదైనా నిజం నోరు జారతాడేమోనని కోపం దిగమింగి బల్ల చివర కూర్చుంది.

“నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు,” అంటున్నాడు బాబాయ్. “చిన్న పనే అనుకో. సైటుకు తాళం బిగించడం. తాళం లేని సైటు తెరిస్తే సెల్లు ఏమంటుంది, ఇది భద్రం కాదు అంటుంది. ఆసుపత్రి సైటే భద్రం కాదంటే రోగి ఉన్న ధైర్యం కూడా వదిలేస్తాడా లేదా? అందుకని మన పెద్దాయన నన్ను గదిలోకి పిలిచి, బాబాయ్, నువ్వు తప్ప దిక్కు లేదు అన్నాడు.”

“సూపరింటెండెంటు గారు నిన్ను బాబాయ్ అన్నారా?” డ్రైవరు అడిగాడు.

“మనసులో అన్నాడులే, ముందు విను తమ్ముడూ. తాళం ఎవడైనా బిగిస్తాడు. బిగించాక చిరునామా మారిపోతుంది, చూడు, అక్కడుంది అసలు కిటుకు. పాత చిరునామాకు వచ్చినవాణ్ణి సరిగ్గా ఆ పేజీకే పంపాలి. ఎముకల పేజీకి వచ్చినవాణ్ణి కాన్పుల పేజీకి పంపావనుకో, కాలు విరిగినవాడు వెళ్లి కాన్పు మంచం ఎక్కుతాడు. వెతికితే పైన కనపడే ఆ స్థానం ఉందే, ఏళ్ల తరబడి సంపాదించుకున్నది, అది కూడా చేజారిపోతుంది. అందుకని నేనేం చేశానంటే, ఒక చేత్తో టీ గ్లాసు, ఒక చేత్తో కీబోర్డు. ఊపిరి బిగబట్టి మొదలుపెట్టా, వదిలేసరికి వేల పేజీలు కొత్తింట్లో సర్దుకుని కూర్చున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“టీ ఒలికిపోయింది,” అన్నాడు టీ మాస్టరు.

“చుక్క ఒలికితే ఒట్టు. ఆ తాళం సంగతి తెలిసి దొంగలొచ్చారు. కంప్యూటర్ దొంగలు, దేశదేశాల వాళ్లు. గీకారు, కెలికారు, వేళ్లు అరిగిపోయాయి. చివరికి వాళ్ల గురువు నాకు మెయిల్ పెట్టాడు. అయ్యా, మీ తాళం ముందు కూర్చుని మా సంసారాలు పాడైపోయాయి, దొంగతనం మానేస్తాం, మమ్మల్ని శిష్యులుగా చేర్చుకోండి అని. జాలేసి ఇద్దర్ని చేర్చుకున్నా.”

“ఏరీ వాళ్లు? ఎప్పుడూ చూడలేదే?”

“కనపడితే దొంగలెలా అవుతారు?”

కొట్టంతా నవ్వింది. సిస్టర్‌కు కూడా నవ్వొచ్చినంత పనయింది, అందుకు తన మీద తనకే చిరాకేసింది.

“అసలు గొడవ అదీ కాదు,” బాబాయ్ ముందుకు జరిగాడు. “జనానికి వెతికిపెట్టే కంపెనీ ఉంది చూడు, దానికి మిషన్లుంటాయి. లోకంలోని సైట్లన్నీ తిరుగుతూ ఎక్కడ ఏముందో రాసుకుపోతుంటాయి. అవి రాసుకుంటేనే మనం ఎవరికైనా కనపడేది. నేను కొత్త సైటు కడుతుంటే సగంలోనే వచ్చి దూరబోయాయి. ఎక్కడికిరా అన్నా. పని జరుగుతోంది, ఎవరూ లోపలికి రావద్దు అని గుమ్మంలో బోర్డు పెట్టా. అంత పెద్ద కంపెనీ మిషన్లు నా బోర్డు చదివి చేతులు కట్టుకుని బయట నిలబడిపోయాయి. ఎండకు ఎండాయి, వానకు తడిశాయి, ఒక్కటి గుమ్మం తొక్కితే ఒట్టు. వాటిని చూసి మిగతా కంపెనీల మిషన్లు కూడా వెనకే నిలబడ్డాయి. ఆ వరస సముద్రం అడ్డొచ్చి ఆగింది గానీ, లేకపోతే ఇంకా సాగేదే.”

సిస్టర్ గ్లాసు కింద పెట్టింది. డ్రైవరు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

“అప్పుడు ఆ కంపెనీ పెద్దే స్వయంగా ఫోన్ చేశాడయ్యా. సార్, మీ మాట లేనిదే మా మిషన్లు అడుగు కదపడం లేదు, మీకు ఏ స్థానం ఇమ్మంటారు అన్నాడు. ఒకటో స్థానం మాకు ముందే ఉంది, దాని పైది కావాలన్నా. దాని పైన ఏమీ లేదు సార్ అన్నాడు. లేకపోతే కట్టించు అన్నా. ఇప్పుడు వాడు నా కోసమే కట్టిస్తున్నా...”

“ఆ బోర్డు ఎప్పుడు తీశారు బాబాయ్?” సిస్టర్ అడిగింది.

“ఏ బోర్డమ్మా?”

“ఎవరూ లోపలికి రావద్దని పెట్టారు కదా, అదే.”

“కట్టడం అయిపోయాక తీసేస్తాంగా.”

“తీసేస్తారు సరే. తీశారా?”

బాబాయ్ నవ్వబోయాడు, తోడు నవ్వేవాళ్లు దొరకలేదు. జేబులోంచి సెల్లు తీసి ఏదో కొట్టాడు. సిస్టర్ లేచి వెనకాల నిలబడింది. తెల్లటి తెర మీద రెండు పొట్టి లైన్లున్నాయి. వాటి అర్థం ఆమెకు తెలియదు. ఆయన మెడ మీద చెమట చూశాక తెలియాల్సిన అవసరం కూడా కనపడలేదు.

“ఉంది,” అన్నాడు మెల్లగా.

“నా ఫోను అందుకే మోగలేదు,” అంది సిస్టర్. “నిన్న యాసిడ్ తాగిన పిల్లను తెచ్చారే, వాళ్ల నాన్న మన కోసమే వెతికాడట. మనం కనపడలేదు. కనపడిన పేజీ చదివి కక్కించాడు.”

టీ మాస్టరు స్టవ్ తగ్గించాడు. బాబాయ్ మళ్లీ మళ్లీ తప్పు కొట్టి, చివరికి ఎలాగో ఆ లైన్లు చెరిపాడు.

“తీసేశానమ్మా. ఇదిగో, చూడండి.”

“ఇప్పుడు వెతికితే మనం వస్తామా?”

“వెంటనే రామమ్మా. మిషన్లు మళ్లీ రావాలి, రాసుకోవాలి.”

“మీ మాట లేనిదే అడుగు కదపవన్నారుగా. రమ్మనండి.”

బాబాయ్ డ్రైవరు వంక చూశాడు. డ్రైవరు తల తిప్పుకున్నాడు.

“రండని అడగడం వరకే మన చేతుల్లో ఉంది సిస్టర్. ఎప్పుడొస్తాయో వాటిష్టం. రోజులు పట్టొచ్చు, వారాలు పట్టొచ్చు. పాత స్థానం తిరిగి వస్తుందో లేదో కూడా చెప్పలేను.”

ఫోను దగ్గరికి తిరిగి వెళ్లడానికి ఆమె చెంగు సర్దుకుంది. రెండడుగులు వేసి ఆగింది.

“అయితే అప్పటిదాకా ఎవరి పిల్లలూ ఏమీ తాగకుండా ఉండాలి. అంతే కదా?”

అంతేనన్నాడు బాబాయ్.